సంక్రాంతి నెలలో మరిచిపోతే బ్రహ్మాండంగా వచ్చిన బ్రెడ్డు, రోహిణి కార్తెలో గంజి ఎందుకయింది?

పెన్న‌ఒడ్డు_వంటిల్లు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. కొలతలు, టైములు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా, చూసి చెప్పండి.

మైదా 500 గ్రాములు, నీళ్లు 350, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ అర టీస్పూను. గరిటెతో కలిపి మూతపెట్టి, గంటన్నర తర్వాత బాగా పిసికి చెయ్యాలన్నది లెక్క. జనవరిలో ఒక రాత్రి పిసకడం మరిచిపోవడంతో పిండి గిన్నెలోనే తొమ్మిది గంటలు ఉండిపోయింది. పొద్దునకి రెండింతలు దాటి పొంగి, పైన బుడగలు బుడగలుగా ఉంది. పారెయ్యకుండా తడిచేత్తో నాలుగు వైపులా మడిచి, ముప్పావుగంట ఆపి, మూత ఉన్న ఇనప గిన్నెలో ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్లో) కాలిస్తే వచ్చింది అసలైన బ్రెడ్డు! పైపొర కరకర, లోపల పెద్ద పెద్ద గదులు, లేత పులుపు, వాసనైతే చెప్పనే అక్కర్లేదు. పిసికి చేసినప్పుడు ఏనాడూ అట్టా రాలేదు.

ఇప్పుడు అదే పిండి, అదే ఈస్ట్, అవే తొమ్మిది గంటలు. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ పొద్దునకి పొంగి కూలిపోయి, గిన్నె వంచితే జారిపోయేంత పల్చన. కల్లు వాసన. కాలిస్తే పలక లాగా చదునుగా, పైన తెల్లగా పాలిపోయి వచ్చింది.

నాకు కావాల్సింది ఇదీ: జనవరిలో కుదిరిన ఆ పొరపాటుని ఎండాకాలంలో కూడా కావాలని చెయ్యడం ఎట్టా? ఇంకోటి, నీళ్ల బదులు వార్చిన గంజి పోస్తే బ్రెడ్డు మెత్తగా వస్తుందని విన్నా, అది నిజమేనా? ఇట్టా పొరపాటున బాగా కుదిరే పద్ధతులు ఇంకేమన్నా ఉంటే అవీ చెప్పండి.

---

కావలి_తూకం:

మీరు మార్చిందేమీ లేదు, మారింది వంటింటి వేడి. జనవరి రాత్రి మన నెల్లూరు ఇళ్లలో లోపల 24, 25 డిగ్రీలుంటుంది. రోహిణి కార్తెలో అర్ధరాత్రి కూడా 33, 34కి తగ్గదు. ఈ హద్దుల్లో వేడి ఎనిమిది, పది డిగ్రీలు పెరిగితే పిండి పొంగే వేగం దాదాపు రెట్టింపవుతుంది. జనవరిలో తొమ్మిది గంటలకి వచ్చిన స్థితి ఇప్పుడు నాలుగున్నర గంటలకే వచ్చేస్తుంది. మిగతా నాలుగున్నర గంటలూ పిండి పాడవుతూ కూర్చుంది.

ముందు జనవరిలో ఎందుకు కుదిరిందో తెలిస్తే మిగతాది తేలిక. మైదాలో గ్లూటెన్ జిగురు తయారవడానికి పిసకడం ఒక్కటే దారి కాదు. నీళ్లు బాగా ఇంకితే, సమయం ఇస్తే, ఆ పోగులు వాటంతటవే అల్లుకుంటాయి. లోపల పుట్టే బుడగలు పోగుల్ని మెల్లగా సాగదీస్తుంటాయి, అంటే మీ చేతులు చెయ్యాల్సిన పని అవి చేశాయి. దీంతోపాటు పిండిలో సహజంగా ఉండే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మారుస్తుంది, పైపొరకి ఎర్రటి రంగు అక్కడి నుంచే. సువాసన ఎక్కువగా ఈస్ట్ ఇచ్చేది, పులుపు ఈస్ట్‌తో పాటు పెరిగే బాక్టీరియా ఇచ్చే ఆమ్లాలది.

ఇదే సంగతిని ఫ్రాన్సులో రేమండ్ కాల్వెల్ అనే బ్రెడ్డు నిపుణుడు 1970లలో పద్ధతిగా పెట్టాడు. పిండీ నీళ్లూ మాత్రం కలిపి 20, 30 నిమిషాలు వదిలేసి, తర్వాత ఉప్పూ ఈస్టూ వేస్తే పిసికే పని సగం తగ్గుతుంది. దాన్ని ఆటోలైజ్ అంటారు. 2006లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన బేకరు జిమ్ లేహీ పిసకని బ్రెడ్డు ఇంకా దూరం వెళ్లింది: చిటికెడు ఈస్ట్, 12 నుంచి 18 గంటలు, మూత ఉన్న వేడి ఇనప గిన్నె. మీరు మరుపులో చేసింది దాదాపు అదే. కాకపోతే ఆ 12, 18 గంటలూ 21 డిగ్రీల వంటింటికి రాసినవి. వాటిని మన ఊళ్లో మే నెలలో పాటిస్తే మీకు జరిగిందే జరుగుతుంది.

ఇప్పుడు కూలిపోవడం సంగతి. ఎక్కువసేపు వేడిలో ఉంటే ఆమ్లమూ, పిండిలోని ప్రోటియేజ్ అనే ఎంజైమూ కలిసి ఆ గ్లూటెన్ పోగుల్నే కొరికేస్తాయి. గాలి నిలవదు, నీళ్లు వదిలేస్తుంది, అందుకే జారిపోయింది. చక్కెరంతా ఈస్ట్ తినేసింది కాబట్టి పైన రంగు రాలేదు. కల్లు వాసన అంటే ఆల్కహాలే, మీ ముక్కు సరిగ్గానే చెప్పింది.

ఎండాకాలానికి మూడు దారులున్నాయి. నా ఓటు రెండోదానికి.

ఈస్ట్ తగ్గించడం. అర టీస్పూను అంటే సుమారు 1.5 గ్రాములు. 34 డిగ్రీలకి ఎనిమిది గంటలు కావాలంటే 0.4 గ్రాములు చాలు. వంటింటి కాటా ఇంత చిన్న తూకం సరిగా చూపించదు. 150 మి.లీ. నీళ్లలో ఒక సమ టీస్పూను (3 గ్రాములు) ఈస్ట్ కరిగించి, బాగా కలియబెట్టి, వెంటనే అందులో 20 మి.లీ. తీసుకోండి. అదే 0.4 గ్రాములు. ఆ 20 మి.లీ. నీళ్లని మొత్తం నీళ్ల లెక్కలోంచి తీసెయ్యండి. ఇందులో ఒక లోపముంది: ఈస్ట్‌ని తగ్గించగలం గానీ ఆ వేడికి పిండిలోని ఎంజైములు, పులిసే బాక్టీరియా జోరు తగ్గించలేం. అందుకని పులుపు కాస్త ఎక్కువే ఉంటుంది, పిండి కాస్త వదులుగానే ఉంటుంది. నీళ్లు 350 బదులు 325 చెయ్యండి. మన మైదాలో ప్రొటీను 10 శాతం అటూఇటూ, ప్యాకెట్టు వెనక ఉంటుంది చూడండి. ఎండాకాలంలో 70 శాతం నీళ్లు దానికి మోయలేని బరువు.

చల్లబరచడం. పిండి కలిపేటప్పటికే 25 డిగ్రీలుండాలి. లెక్క ఇది: 25ని మూడుతో గుణిస్తే 75. అందులోంచి గది వేడి, మైదా వేడి, చేతి రాపిడికి 2 తీసేస్తే నీళ్ల వేడి వస్తుంది. గది 35, మైదా 34 అయితే 75 – 71 = 4 డిగ్రీలు. అంటే ఫ్రిజ్ నీళ్లలో రెండు ఐసుముక్కలు వేసి, ఆ ముక్కలతో సహా తూచాలి. మైదానే ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టి 10 డిగ్రీలకి తెస్తే, 75 – 47 = 28. అప్పుడు కుండనీళ్లు సరిపోతాయి, ఇది ఇంకా తేలిక. కలిపాక గంటసేపు బయట ఉంచి, అరగంటకోసారి తడిచేత్తో మడిచి, తర్వాత ఫ్రిజ్‌లో 12 నుంచి 18 గంటలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 850 గ్రాముల ముద్దని లోతు గిన్నెలో పెడితే నడిమధ్య చల్లబడటానికే మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఎండాకాలంలో ఫ్రిజ్ తలుపు పదిసార్లు తెరుస్తాం, ఇంకా ఆలస్యం. ఈలోపు పిండి లోపల నుంచి పొంగిపోతూనే ఉంటుంది. వెడల్పాటి స్టీలు డబ్బాలో రెండంగుళాల మందాన పరిచి, ఫ్రిజ్‌లో అడుగున వెనక పక్కకి జరపండి. పైన మూత గాలి చొరకుండా ఉండాలి, లేకపోతే అట్ట కడుతుంది.

గడియారం చూడటం మానడం. నిట్టనిలువు గోడలున్న గాజు గ్లాసులో 30 గ్రాముల పిండి వేసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు పెట్టి, పెద్ద గిన్నె పక్కనే ఉంచండి. గ్లాసులో రెండింతలయితే గిన్నెలోనూ అయినట్టే. రెండున్నర దాటనివ్వకండి. గిన్నె కింద వెడల్పు తక్కువ, పైన ఎక్కువ కాబట్టి కంటికి రెండింతలు అనిపించేది నిజానికి ఎంతో చెప్పలేం. గ్లాసు అట్టా మోసం చెయ్యదు. ఏసీ గదిలో పెట్టినా, మిద్దె మీద పెట్టినా ఇది పనిచేస్తుంది.

కాల్చేటప్పుడు ఇనప గిన్నె ఖాళీగా మూతతో 230 డిగ్రీల్లో అరగంట వేడెక్కాలి. మూతతో 30 నిమిషాలు, మూత తీసి 12 నుంచి 15. మొదటి సగంలో పిండిలోంచి వచ్చే ఆవిరే లోపల నిలిచి పైపొర తొందరగా బిగుసుకోకుండా చేస్తుంది, అందుకే అంత బాగా లేచింది. చేపల పులుసు చట్టిలో చెయ్యొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా: వేడెక్కిన మట్టిచట్టిలో చల్లటి పిండి పడితే పగిలే ప్రమాదం ఉంది, పైగా పులుసు వాసన బ్రెడ్డుకి ఎక్కుతుంది. ఇనుమే మేలు.

కూలిపోయిన పిండిని మాత్రం ఇకమీదట పారెయ్యొద్దు. ఇంకా సాగుతుంటే, పళ్లెంలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె పోసి, పిండి పరిచి, అరగంట ఆగి, వేళ్లతో గుంటలు నొక్కి, 230లో 18, 20 నిమిషాలు. చదునుగా రావాల్సిన రొట్టే కాబట్టి లేవకపోయినా ఫర్వాలేదు. సాగకుండా తెగిపోతుంటే, అందులో 250 గ్రాములు తీసి కొత్త పిండికి తోడుపెట్టండి: మైదా 400, నీళ్లు 230, ఉప్పు 7, ఈస్ట్ 2 గ్రాములు. పాలకి తోడు లాగానే అనుకోండి. పాతపిండి రుచిని ఇస్తుంది, కొత్తపిండి బలాన్నిస్తుంది. ఫ్రాన్సు బేకరీల్లో ఇది రోజూ చేసే పనే.

---

గంజివార్పు (బుచ్చి):

గంజి సంగతి నేను చెప్తా. నిజమే, మెత్తగా వస్తుంది. ఊరికే మెత్తగా రావడం కూడా కాదు, మూడోరోజుకి కూడా మెత్తగానే ఉంటుంది, దాని విలువ అదీ. కానీ "నీళ్ల బదులు గంజి" అని కొలత లేకుండా పోస్తే ఒకసారి దూది, ఒకసారి అంబలి.

ఉడికిన పిండిపదార్థం పచ్చిదానికన్నా ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటుంది. అందుకే ముద్ద చేతికి అంటుకోకుండానే ఎక్కువ నీళ్లు తాగుతుంది, కాలాక ఆ తేమ లోపలే నిలుస్తుంది. జపాను, చైనా వాళ్లు గోధుమపిండినే నీళ్లలో ఉడికించి, లేదా సలసల కాగే నీళ్లు పోసి కలుపుతారు. ఒకటికి ఐదు నీళ్లు, 65 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది. మనింట్లో అన్నం వార్చిన ప్రతిసారీ ఆ పని సగం అయిపోయే ఉంటుంది.

అయితే గంజి చిక్కదనం ఏ రోజుకారోజు వేరు. కొత్తబియ్యం గంజి చిక్కన, పాతబియ్యం గంజి పల్చన. నెల్లూరు మసూరి అయినా ఇంకోటయినా నిలవ ఉన్నకొద్దీ నీళ్లలోకి వదిలే పిండి తగ్గుతుంది. ఎసట్లో ఉప్పు వేసే అలవాటుంటే అదీ గంజిలో ఉంటుంది, నాలుక మీద చూసి బ్రెడ్డు ఉప్పు తగ్గించాలి. ఇంకా ముఖ్యం, గంజి చెయ్యి పెట్టగలిగేంత చల్లారాలి. 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది, పైకి మీగడ కట్టి చల్లగా కనిపించినా అడుగున పొగలు కక్కుతుంటుంది.

గంజినే వాడాలనుకుంటే మొత్తం నీళ్లలో సగం గంజి, సగం నీళ్లు తీసుకుని, చివరి 30 గ్రాముల నీళ్లు చేతిలో ఉంచుకోండి. ముద్ద చూసి కలుపుకోవచ్చు.

ప్రతిసారీ ఒకే తీరుగా రావాలంటే గంజి నమ్ముకోవద్దు, జావ కాచండి. బియ్యప్పిండి 25 గ్రాములు, నీళ్లు 125 మి.లీ., ఉండలు లేకుండా కలిపి సన్నమంట మీద గరిటె గీత నిలిచేదాకా తిప్పాలి. గీత గీస్తే రెండు పక్కలూ వెంటనే కలవకూడదు. పూర్తిగా చల్లార్చి, మైదా 475, నీళ్లు 215, చక్కెర 25, ఉప్పు 9, ఈస్ట్ ఎండాకాలంలో 4 గ్రాములు (చలికాలంలో 5). పది నిమిషాలు పిసికాక నూనో వెన్నో 30 గ్రాములు వేసి, ఇంకో ఐదు నిమిషాలు. మొదటి మూడు నిమిషాలు చేతికి బంకలా అతుక్కుంటుంది. అప్పుడే భయపడి మైదా చల్లుతారు, అదే తప్పు. ఆగితే దానంతటదే గిన్నె వదులుతుంది. 33 డిగ్రీలకి గంటలోపే రెండింతలవుతుంది. రెండు చిన్న టిన్నుల్లో సర్ది, పిండి అంచు దాటి ఒక వేలెడు పైకి లేచాక 190లో 28, 30 నిమిషాలు.

మిగిలిపోయిన అన్నం కూడా ఇదే పని చేస్తుంది. మెత్తగా ఉడికిన అన్నం 100 గ్రాములు మిక్సీలో కాసిని నీళ్లతో వెన్నలా తిప్పి వెయ్యండి. అందులో మూడింట రెండు వంతులు నీళ్లే, ఆ మేరకు తగ్గించుకోవాలి. మెతుకు మిగిలితే కాలాక గట్టిపడి పంటికి రాయిలా తగుల్తుంది, వడకట్టినా తప్పులేదు.

పాలు విరిగిన రోజు ఆ తేటనీళ్లు కూడా బ్రెడ్డులోకి పొయ్యండి, నీళ్లకి బదులు సమానంగా. అందులోని పాలచక్కెరని బేకరీ ఈస్ట్ తినలేదు, అది మిగిలి పైపొరని ఎర్రగా కాలుస్తుంది. అందుకని ఓవెన్ 10 డిగ్రీలు తగ్గించాలి.

ఒక్క మాట, ఇంత కష్టపడి మెత్తగా చేసినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉడికిన పిండి మళ్లీ గట్టిపడేది ఆ చల్లదనంలోనే ఎక్కువ. రెండురోజుల్లో తినేది బయట, మిగతాది ముక్కలు కోసి డీప్ ఫ్రిజ్‌లో.

---

ఓటీజీ_ఒంగోలు:

పొరపాట్లలో కరెంటు పోవడాన్ని కూడా కలపండి, మన జిల్లాలో ఎండాకాలం సాయంత్రం గాలివాన వస్తే ఇది ఖాయం. సగం కాలిన బ్రెడ్డు వృథా అనుకుంటారు గానీ కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఏవన్ పార్క్ ఊళ్లో జో గ్రెగర్ అనే బేకరు, ఊరి ఫైరింజనులో వాలంటీరు కూడా. సైరన్ మోగితే కాలుతున్న బన్నులు బయటికి తీసి పరిగెత్తాడు. తిరిగొచ్చి చూస్తే తెల్లగా, కానీ ఆకారం చెడకుండా నిలబడి ఉన్నాయి. మళ్లీ ఓవెన్లో పెడితే చక్కగా ఎర్రబడ్డాయి. ఆ పద్ధతిని 1949లో జనరల్ మిల్స్ కంపెనీ కొని అమ్మకానికి పెట్టింది. ఇవాళ సూపర్ మార్కెట్లో ఇంట్లో ఎర్రగా కాల్చుకోమని అమ్మే బన్నులన్నీ ఆ దారివే.

కరెంటు పోయినప్పుడు లోపల ఏ దశలో ఉందన్నదే అసలు ప్రశ్న. లోపలి వేడి 60 దాటేసరికి ఈస్ట్ పని ముగుస్తుంది, 80కి చేరేసరికి గ్లూటెన్ బిగుసుకుని, పిండి ఉడికి, ఆకారం నిలబడుతుంది. 80 దాటి ఉంటే తీసి, జల్లెడ మీద చల్లార్చి, కరెంటొచ్చాక 220లో 8, 10 నిమిషాలు. దాటకపోతే తలుపు తెరవద్దు. ఓటీజీ రేకు పల్చన, పది నిమిషాల్లో వేడి జారిపోతుంది. ఇనప గిన్నెలో ఉంటే మాత్రం అదృష్టం: మూత తియ్యకుండా గిన్నెని అట్టాగే గ్యాసు పొయ్యి మీదికి మార్చి, కింద పాత దోసెపెనం అడ్డం పెట్టి, సన్నమంట మీద 20 నిమిషాలు ఉంచితే లోపల ఉడికిపోతుంది. పైన తెల్లగానే ఉంటుంది, తర్వాత రంగు తెప్పించుకోవచ్చు. సూది థర్మామీటరు లేకుండా ఇవన్నీ గుడ్డిలెక్కలే, ముందు అది కొనండి.

కావాలని చేసేటట్టయితే బన్నులకి 150 డిగ్రీలు, 20 నుంచి 25 నిమిషాలు. పైన రంగు రాకముందే తియ్యాలి. పూర్తిగా చల్లారాక కవర్లో కట్టి డీప్ ఫ్రిజ్‌లో పెడితే, చుట్టాలొచ్చిన పూట పది నిమిషాల్లో వేడివేడి బన్నులు. వేడి మీద కవర్లో కడితే ఆవిరి పట్టి, రెండోసారి కాల్చినప్పుడు పైపొర పొరలు పొరలుగా ఊడుతుంది.

---

ఉప్పుకొఠారు (కొత్తపట్నం):

మంచి పొరపాట్లు చెప్పారు, నిజంగా చెడ్డవి కూడా చెప్పాలి గదా. ముఖ్యంగా మన సముద్రపు గాలి ఊళ్లలో.

పాలు, గుడ్డు పోసి కలిపిన పిండి రాత్రంతా బయట మరిచిపోతే అది కుదిరిన పొరపాటు కాదు, ఎంత బాగా పొంగినా పారెయ్యాల్సిందే. రాత్రి నిలవ పెట్టేది మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ మాత్రమే ఉన్న పిండి. పాల పిండి అయితే ఫ్రిజ్‌లోనే.

రెండోది జీగ. రెండో రోజుకి బ్రెడ్డులోంచి బాగా మగ్గిన పండు వాసన వస్తుంది. తుంచి చూస్తే లోపల బంకగా, సన్నటి దారాలు సాగుతాయి. ఇది బూజు కాదు, బాసిల్లస్ జాతి బాక్టీరియా. పిండిలోనే, ముఖ్యంగా పొట్టున్న గోధుమపిండిలో, దాని బీజాలుంటాయి. బ్రెడ్డు లోపల వేడి 100 దాటదు కాబట్టి అవి చావవు. తర్వాత 30 డిగ్రీల పైన, తేమలో, విజృంభిస్తాయి. చలిదేశాల వాళ్లకి అరుదుగా కనిపించేది మనకి ఎండాకాలమంతా పొంచి ఉంటుంది. తినకూడదు, ఆ పిండిలో మిగిలింది తోడుకి దాచకూడదు. గిన్నెలు, పలక, చాకు వేడినీళ్లతో కడిగి వెనిగర్‌తో తుడవాలి. దీన్ని ఆపేది పులుపు. పెన్న‌ఒడ్డు గారి తొమ్మిది గంటల పిండిలో పుట్టిన ఆమ్లం రుచికే కాదు, ఇందుకూ కొంత కాపలా. తొందరగా చేసే బ్రెడ్డుకి 500 గ్రాముల పిండికి ఒక టేబుల్‌స్పూను వెనిగర్ నీళ్లలో కలపండి. కాలాక రెండు, మూడు గంటలు జల్లెడ మీద చల్లారనిచ్చి అప్పుడు కొయ్యండి.

ఇక ఉప్పు. మరిచిపోతే పిండి గబగబా పొంగి, చేతిలో వదులు వదులుగా, అతుక్కుపోతూ ఉంటుంది. అనుమానమొస్తే చిటికెడు నోట్లో వేసుకుని ఉమ్మెయ్యండి, వెంటనే తెలుస్తుంది. 10 గ్రాముల ఉప్పు 30 మి.లీ. నీళ్లలో కరిగించి, ముద్ద మీద పోసి, తడివేళ్లతో గుచ్చి గుచ్చి పిసకాలి. ముందు ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. గాబరా పడొద్దు, మూడు నాలుగు నిమిషాల్లో మళ్లీ కలిసి, మొదటికన్నా నున్నగా, బిగువుగా అవుతుంది. పైన చెప్పిన ఆటోలైజ్‌లో ఉప్పు ఆలస్యంగా వేసేది కూడా ఇందుకే, ఉప్పు లేనప్పుడు పిండి నీళ్లు తేలిగ్గా తాగుతుంది.

కల్లుప్పు వాడేవాళ్లు టీస్పూను లెక్క నమ్మొద్దు. గళ్ల మధ్య ఖాళీ వల్ల ఒక టీస్పూను కల్లుప్పు, మెత్తటి ఉప్పుకన్నా తక్కువ తూగుతుంది. తూచి, నీళ్లలో పూర్తిగా కరిగించి వెయ్యాలి. కరగని గళ్లు పడిన చోట పిండి పొంగదు, కాలాక అక్కడ గట్టి మచ్చ ఉంటుంది. ఉప్పు రెండుసార్లు పడితే తీసే దారి లేదు. ఉప్పు లేకుండా ఇంకో 500 గ్రాముల మైదాతో పిండి కలిపి రెండూ ఏకం చెయ్యడమే.

---

పెన్న‌ఒడ్డు_వంటిల్లు (నెల్లూరు):

ఇంత వివరంగా రాసిన అందరికీ ఎంత చెప్పినా తక్కువే. వంటింట్లో గోడకి తగిలించిన థర్మామీటరు ఇప్పుడే చూశా, రాత్రి పది గంటలకి 34. కావలి_తూకం గారి లెక్క అచ్చంగా సరిపోయింది.

రెండో దారిలోనే చేస్తా. మైదా ఇవాళే ఫ్రిజ్‌లో పెట్టా. రెండు అనుమానాలు. ఫ్రిజ్ దారిలో ఈస్ట్ అర టీస్పూనే ఉంచాలా? పొద్దున ఫ్రిజ్‌లోంచి తీశాక జనవరిలో లాగా ముప్పావుగంట ఆగి కాల్చెయ్యొచ్చా?

---

కావలి_తూకం:

ఈస్ట్ అర టీస్పూనే ఉంచండి. బయట గంటలో కొంత పొంగి, ఫ్రిజ్‌లో చల్లబడే మూడు గంటల్లో ఇంకొంత పొంగుతుంది. తర్వాత దాదాపు ఆగిపోతుంది. పొద్దునకి ఒకటిన్నర రెట్లకి తగ్గకుండా ఉంటే చాలు. అంతకన్నా తక్కువుంటే ఈస్ట్ పాతదని అర్థం. 100 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో ఒక టీస్పూను చక్కెర, ఒక టీస్పూను ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి, నురుగు కట్టకపోతే మార్చెయ్యండి. తేమ గాలి తగిలిన ప్యాకెట్టు నెలకే నీరసపడుతుంది, గాజుసీసాలో గట్టిమూతతో ఫ్రిజ్‌లో ఉంచాలి.

ముప్పావుగంట మాత్రం చాలదు. జనవరి పిండి 25 డిగ్రీలుంది, ఇది 5 డిగ్రీల్లో బయటికొస్తుంది. మడిచి గుండ్రంగా చేశాక, 34 డిగ్రీల గదిలో గంటన్నర దాకా పట్టొచ్చు. తడివేలితో అర అంగుళం నొక్కండి. గుంట వెంటనే పైకి లేస్తే ఇంకా ఆగాలి. మెల్లగా సగం లేచి ఆగితే అదే సమయం. అసలు లేవకపోతే ఆలస్యమైంది, వెంటనే ఓవెన్లో పెట్టండి. పిండిని గిన్నె వేడెక్కేదాకా ఆపాల్సిన పని రాకూడదు, కాబట్టి గుంట ఇంకా వేగంగా లేస్తున్నప్పుడే ఓటీజీ వెయ్యండి.

నీళ్లు 325 అన్నది మొదటి దారికి. ఫ్రిజ్ దారిలో 335 వరకు పోవచ్చు. చల్లటి పిండి గట్టిగా తోస్తుంది గానీ వేడెక్కాక వదులవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గట్టిగా ఉందని నీళ్లు చల్లకండి.